ఎర్ర చుక్క పడింది, వెనక్కి ఇచ్చెయ్యమంటారా?

ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరికలు మొదలైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నా సర్వీస్ బల్ల దగ్గరికి రెండు రకాల వాళ్ళు వస్తారు: కొత్త ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్ళు, కొని వారం తిరక్కుండానే అనుమానం పట్టుకున్నవాళ్ళు. ఈ నెల వచ్చిన ఉత్తరాలూ ఆ రెండో రకమే ఎక్కువ. ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి ఒక్కరూ అడగలేదు. అందరి గొడవా స్క్రీన్‌తోనే. పదేళ్ళ కిందట ఎవరూ స్క్రీన్ గురించి అడిగేవారు కాదు, కాబట్టి నాకు సంతోషమే.

*మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి బీటెక్‌లో చేరిందని పోయిన వారం 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ కొన్నాం. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు ఎడమ పక్క ఎర్రటి చుక్క ఒకటి వెలుగుతోంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "ఒకటీ రెండూ మామూలే, వారంటీలోకి రావు" అంటున్నారు. ఇది మోసం కాదా? ఆ చుక్క పెద్దదవుతుందా?*
– ఓ తండ్రి, జనగామ

మోసం కాదు సార్. అలాగని మీరు ఊరుకోవాల్సిన పనీ లేదు. ఎందుకో చెప్తాను.

ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ళు. గుణిస్తే 20,73,600. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గళ్ళు పక్కపక్కనే ఉంటాయి, ఒక్కో గడికి దాని సొంత ట్రాన్సిస్టర్, అంటే బుల్లి స్విచ్. అంటే మీ అమ్మాయి స్క్రీన్‌లో 62 లక్షలకు పైగా ట్రాన్సిస్టర్లు గాజు మీద పరిచి ఉన్నాయి. ఒక్కో గడి వెడల్పు 0.06 మిల్లీమీటర్లు, మన తల వెంట్రుక మందం అంత. వాటిలో ఒకటి తెరిచిన తలుపులా ఉండిపోయింది. వెనక నుంచి వచ్చే వెలుగు ఆ ఎర్ర గడిలోంచి ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది, అందుకే నల్ల స్క్రీన్ మీద కనబడుతుంది. దీన్ని మేం స్టక్ పిక్సెల్ అంటాం. ఏ రంగు పెట్టినా నల్లగానే ఉండిపోతే అది డెడ్ పిక్సెల్. మూడు గళ్ళూ వెలుగుతూ ఎప్పుడూ తెల్లగా ఉంటే హాట్ పిక్సెల్. ఈ మూడింట్లో కంటికి ఎక్కువ గుచ్చుకునేది తెల్లది, తక్కువ ఇబ్బంది పెట్టేది నల్లది. మీది మధ్యలో ఉంది.

సర్వీస్ సెంటర్ వాళ్ళ మాటకు ఆధారం ఒక అంతర్జాతీయ ప్రమాణం. ఐఎస్‌ఓ 13406-2 అని 2001లో వచ్చింది, తర్వాత దాని స్థానంలో ఐఎస్‌ఓ 9241 వరసలోని భాగాలు వచ్చాయి. అందులో స్క్రీన్లను తరగతులుగా విడదీశారు. చాలా కంపెనీలు పాటించే రెండో తరగతిలో ప్రతి పది లక్షల పిక్సెళ్ళకు ఎప్పుడూ వెలిగే పిక్సెళ్ళు 2, అసలు వెలగనివి 2, మీ ఎర్ర చుక్కలాంటి ఒంటిగడి లోపాలు 5 దాకా ఉండొచ్చు. మీ స్క్రీన్‌లో ఇరవై లక్షల పిక్సెళ్ళున్నాయి కాబట్టి లెక్కప్రకారం ఇలాంటి చుక్కలు పది దాకా ఉన్నా అది పాస్ అయిన సరుకే. వినడానికి అన్యాయంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క చుక్క కూడా లేని ప్యానెళ్ళే, అంటే స్క్రీన్ పలకలే, అమ్మాలంటే మీరు పెట్టిన ధరకు ల్యాప్‌టాప్ రాదు.

ఇక దారి ఏమిటంటే, వారంటీ వేరు, రీప్లేస్‌మెంట్ వేరు. సర్వీస్ సెంటర్ వాళ్ళది వారంటీ, అక్కడ కంపెనీ పిక్సెల్ పాలసీయే నడుస్తుంది. మీరు కొన్న షాపుకో వెబ్‌సైటుకో రీప్లేస్‌మెంట్ గడువు ఉంటుంది. అది చాలాచోట్ల వారం, పది రోజులే. అక్కడ ఈ లెక్కలన్నీ చెప్పక్కర్లేదు. నల్ల స్క్రీన్ మీద చుక్కను ఫోటో తీసి, బిల్లుతో పాటు ఈరోజే పంపండి. గడువు దాటాక నా దగ్గరికి వస్తే నేను చెయ్యగలిగింది డబ్బులు తీసుకుని ప్యానెల్ మార్చడం ఒక్కటే, ఒక్క చుక్క కోసం ఆ ఖర్చు నేనైతే పెట్టనివ్వను.

వెళ్ళే ముందు ఒక పరీక్ష. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, ఈ అయిదు రంగుల బొమ్మలు ఒక్కొక్కటే స్క్రీన్ నిండా పెట్టి, మెత్తటి పొడి గుడ్డతో తుడిచి చూడండి. తుడిస్తే పోయింది దుమ్ము. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూసినప్పుడు ఆ చుక్క అక్కడా కనబడితే తప్పు ప్యానెల్‌ది కాదు. ఒక చుక్కకని వెళ్ళి, మూడు చుక్కలున్నాయని పరీక్షలో తెలుసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. అప్పుడు షాపువాడి దగ్గర మాట గట్టిగా నిలబడుతుంది.

చుక్క పెద్దది కాదు, పక్కవాటికి అంటుకోదు. కానీ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ రోజురోజుకీ పాకుతుంటే అది పిక్సెల్ లోపం కాదు, లోపల గాజు పగిలింది. దానికి వారంటీ దొరకదు. ఇంటర్నెట్‌లో చెప్పినట్టు వేలితోనో పెన్ను మూతతోనో నొక్కకండి. రంగులు గబగబా మారే వీడియోను ఆ చోట కాసేపు ఆడిస్తే స్టక్ పిక్సెల్ ఒక్కోసారి దారికొస్తుంది, అది చేసుకుంటే నష్టం లేదు. నొక్కుడుతో చుక్క పోయినవాళ్ళ కంటే, చుక్క పక్కన తెల్లటి మరక తెచ్చుకున్నవాళ్ళే నా బల్ల దగ్గరికి ఎక్కువ వచ్చారు.

*అక్కా, నేను స్కూల్ టీచర్‌ని. మావారు కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని షాపులో అడిగితే రిజల్యూషన్ తగ్గించి ఇచ్చాడు. ఇప్పుడు అక్షరాలు పెద్దగా ఉన్నాయి కానీ తెలుగు ప్రశ్నపత్రం టైప్ చేస్తుంటే వత్తులన్నీ అలికినట్టు కనబడుతున్నాయి. కళ్ళు పీకుతున్నాయి. కళ్ళజోడు మార్చుకోవాలా?*
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

కళ్ళజోడు మార్చకమ్మా, ఆ సెట్టింగ్ మార్చు. అతను 1366 బై 768 పెట్టి ఉంటాడు. నీ ప్యానెల్ గాజులో పుట్టుకతో ఉన్నవి 1920 బై 1080 పిక్సెళ్ళు. అవి సెట్టింగ్ మారిస్తే మారవు. ఒక పిక్సెల్‌ను 1.4 పిక్సెళ్ళ మీద చూపించమంటే అది ఏ పిక్సెల్‌లోనూ సరిగ్గా కూర్చోదు, పక్క పిక్సెల్‌లోకి సగం రంగు పూస్తుంది. నీకు కనబడుతున్న అలుకుడు అదే.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్ళు. రిజల్యూషన్ దగ్గర రికమెండెడ్ అని రాసున్నదే పెట్టు. దాని పైనే స్కేల్ అని ఉంటుంది, అక్కడ 125 గానీ 150 శాతం గానీ పెట్టుకో. అక్షరం పెద్దదవుతుంది, పదును పోదు.

తెలుగుకు ఈ తేడా ఇంగ్లీషు కంటే చాలా ఎక్కువ. 9 పాయింట్ల అక్షరానికి 100 శాతం స్కేల్ దగ్గర విండోస్ ఇచ్చే ఎత్తు 12 పిక్సెళ్ళు. 'స్త్రీ' అని టైప్ చేసి చూడు. పైన గుడి దీర్ఘం, మధ్యలో సకారం, కింద తవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు, ఇన్నీ ఆ 12 వరసల్లోనే ఇరుక్కోవాలి. ఇంగ్లీషు 'ఓ'కి అక్కడ కావలసినంత ఖాళీ. పైగా విండోస్‌లో అక్షరాల అంచులు నున్నగా చేసే క్లియర్‌టైప్ అనే ఏర్పాటు, పక్కపక్కనున్న ఆ మూడు రంగుగళ్ళను వాడుకుని పనిచేస్తుంది. గళ్ళు అడ్డంగా పేర్చి ఉంటాయి కాబట్టి లాభం కూడా అడ్డంగానే. మన వత్తులేమో కిందికి దిగుతాయి, అక్కడ దాని సాయం అందదు. అందుకే పాత 1366 బై 768 స్క్రీన్ మీద ఇంగ్లీషు బాగానే ఉండి తెలుగు మాత్రం ముద్దలా కనబడేది.

15.6 అంగుళాల పాత స్క్రీన్‌లో అంగుళానికి 100 పిక్సెళ్ళు, నీ ఫుల్ హెచ్‌డీలో 141. స్కేల్ 150 పెడితే అదే 9 పాయింట్ల అక్షరానికి 18 వరసలు వస్తాయి. కంటికి కనిపించే సైజు ఇంచుమించు అదే, కానీ చుక్కలు రెండింతలకు పైన. రవత్తుకు చోటు దొరుకుతుంది. ఈ ఒక్క కారణానికే, తెలుగు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు ఫుల్ హెచ్‌డీ కంటే తక్కువది కొనొద్దంటాను. సినిమాల కోసం కాదు.

*మాది డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. బామ్మర్ది అమెరికా నుంచి 15.6 అంగుళాల 4కే ల్యాప్‌టాప్ తెచ్చిచ్చాడు. అందులో ఫోటోషాప్ సీఎస్6 మెనూలు చీమల్లా ఉన్నాయి, పేజ్‌మేకర్ మాత్రం పెద్దగానే ఉండి మసగ్గా కనబడుతోంది. ఒకే స్క్రీన్‌లో ఇదెక్కడి విడ్డూరం?*
– ఓ ఆపరేటర్, విజయవాడ

మీ స్క్రీన్ వయసుకూ మీ ప్రోగ్రాముల వయసుకూ కుదరలేదు సార్. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఫోటోషాప్ సీఎస్6 వచ్చింది 2012లో. మీ స్క్రీన్‌లో 3840 బై 2160, అంటే అంగుళానికి 282 పిక్సెళ్ళు. ఎక్కువ స్క్రీన్లు అంగుళానికి నూరు దగ్గర ఉన్న కాలంలో గీసిన 16 పిక్సెళ్ళ బొత్తం దీని మీద ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు.

సీఎస్6 "నాకు స్కేలింగ్ తెలుసు, నా జోలికి రావద్దు" అని విండోస్‌కి చెప్పుకుంటుంది, తీరా మెనూలు మాత్రం పెంచదు. అందుకే చీమలు. పేజ్‌మేకర్‌కి స్కేలింగ్ అనే మాటే తెలియదు కాబట్టి విండోస్ దాని బొమ్మను సాగదీసి చూపిస్తుంది. అందుకే మసక. ప్రోగ్రాం ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. అక్కడ ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి, ఫోటోషాప్‌కి సిస్టమ్, పేజ్‌మేకర్‌కి సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకోండి. రెండోది కొన్ని పాత ప్రోగ్రాములకు అక్షరాలు తేట చేస్తుంది. స్కేల్ 250 ఉంటే 200కి దించండి, సరిగ్గా రెండింతలు సాగదీస్తే మసక తగ్గుతుంది. ఇవన్నీ విసుగనిపిస్తే రిజల్యూషన్ 1920 బై 1080 పెట్టేయండి. పైన టీచరమ్మకు వద్దన్నది మీకు చెప్తున్నానేమిటా అనుకోకండి. 4కే అంటే సరిగ్గా అటు రెండింతలు, ఇటు రెండింతలు. నాలుగు పిక్సెళ్ళు కలిసి ఒక పిక్సెల్‌లా పనిచేస్తాయి, 1.4 లాంటి చిక్కు రాదు.

అచ్చుకు వచ్చేది ఫైల్‌లో ఉన్నదే, స్క్రీన్ మీద మసక ఉన్నంత మాత్రాన శుభలేఖ మసకగా పడదు. మీ పాత మానిటర్ ఇంకా ఉంటే పేజ్‌మేకర్ పని దాని మీదే చేసుకోమంటాను. బామ్మర్దికి చెప్పక్కర్లేదు.

*కరీంనగర్‌లో మాకు ఫోటో స్టూడియో ఉంది. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక పెళ్ళికూతురి చీర మేం ల్యాప్‌టాప్‌లో చూసిన రంగులో ఉండట్లేదు. ల్యాబ్ వాళ్ళేమో మీ స్క్రీన్ తప్పంటున్నారు. మాది ఫుల్ హెచ్‌డీయే కదా?*

ఫుల్ హెచ్‌డీ అనేది పిక్సెళ్ళ లెక్క. ఆ పిక్సెళ్ళు ఎంత ఎర్రటి ఎరుపును చూపించగలవో ఆ లెక్కలో లేదు. స్పెసిఫికేషన్ షీట్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనబడితే మీ ల్యాబ్ వాళ్ళ మాట నిజమే. ఎన్‌టీఎస్‌సీ అమెరికన్ కలర్ టీవీ కోసం 1953లో పెట్టుకున్న రంగుల కొలత. ఇప్పుడు ఫోటోలకూ వెబ్‌కూ అందరూ వాడేది ఎస్‌ఆర్‌జీబీ, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చింది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. 45 అంటే అందులో మూడింట రెండు వంతులు కూడా లేదు. పట్టుచీర కుంకుమ ఎరుపు, గడపకు రాసిన పసుపు, ఇలాంటి గాఢమైన రంగులే ముందు పోతాయి. మీరు స్క్రీన్ మీద వెలవెలబోయిందని రంగు పెంచుతారు, ల్యాబ్‌లో అది మండిపోతుంది.

45 శాతం ప్యానెల్‌ను ఏ సెట్టింగూ 72 చెయ్యదు. కాలిబ్రేషన్ పరికరం, అంటే స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసేది, కొనే ముందు నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న బయటి మానిటర్ కొనండి, ఆ తర్వాత దాన్ని కాలిబ్రేట్ చేసుకోండి. వెలుగును కూడా షాపు ముందున్న ఎండకు తగ్గట్టు పూర్తిగా పెంచి రంగులు దిద్దకండి, ప్రింట్లు నల్లబడేది అందుకే.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు కూడా ఈ జవాబు చదివితే మంచిది. షాపులో చెయ్యాల్సింది చిన్న పని. పెళ్ళి ఫోటో ఒకటి పెట్టి, మూత ఎంత వెనక్కి వాలితే అంత వాల్చి, కింది వైపు నుంచి చూడండి. ముఖాలు నల్లబడి రంగులు తారుమారైతే అది టీఎన్ అనే రకం ప్యానెల్. కాస్త వెలుగు తగ్గి రంగులు అలాగే ఉంటే ఐపీఎస్ అనే మేలు రకం. స్క్రీన్ వెలుగు కొలత నిట్స్, అది రాసిన చోట 250 ఉంటే ఇంట్లో చాలు, కిటికీ పక్కనా వరండాలో కూర్చుని పనిచేసేవాళ్ళు 300కి తగ్గొద్దు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్ళు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే, అందుకని మీ స్నేహితుడి ల్యాప్‌టాప్ చూసి అదే పేరు చెప్పి కొనుక్కోకండి. ప్రకటనలో ఐపీఎస్ అని రాసి టీఎన్ ఇస్తే మాత్రం ఆ ప్రకటన దాచుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

*హాస్టల్‌లో స్క్రీన్ పగిలితే బయట మార్పించాను. "ఒరిజినలే" అన్నాడు. కానీ పాతదానికంటే పాలిపోయినట్టు ఉంది, పక్క నుంచి చూస్తే రంగు మారుతోంది.*
– విద్యార్థి, తిరుపతి

బహుశా అతను అబద్ధమాడలేదు తమ్ముడూ. ఏయూఓ, బీఓఈ, ఇన్నోలక్స్, ఎల్‌జీ డిస్‌ప్లే లాంటి కంపెనీలే అన్ని బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లకూ ప్యానెళ్ళు చేస్తాయి. అతను వేసిందీ అందులో ఒకటే అయ్యుంటుంది, కాకపోతే నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న రకం కాదు. 15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, 30 పిన్నుల కనెక్టర్ కలిస్తే చాలు, ప్యానెల్ పట్టేస్తుంది, బొమ్మ వచ్చేస్తుంది. తేడా వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఏయూఓ ప్యానెళ్ళలో బీ156హెచ్‌ఏఎన్ అని మొదలైతే ఐపీఎస్ రకం, బీ156హెచ్‌టీఎన్ అయితే టీఎన్. ఒక్క అక్షరం. పగిలిన ప్యానెల్ ఇంకా నీ దగ్గరుంటే రెండు స్టిక్కర్లూ ఫోటో తీసి పక్కపక్కన చూడు. ఆ నంబర్ చూపించి, తేడా డబ్బు కట్టి మార్పించుకో. ఇకముందు ఎవరైనా స్క్రీన్ మార్పిస్తుంటే పాత ప్యానెల్ నంబర్ బిల్లు మీద రాయించుకోవాలి, పాత ప్యానెల్ అడిగి వెనక్కి తీసుకోవాలి.

ఇయర్‌ఫోన్ కీబోర్డు మీద మరిచిపోయి మూత వేశావా? హాస్టల్ స్క్రీన్లు చాలావరకూ అలాగే పోతాయి. కెమెరా మీద అంటించే ప్లాస్టిక్ మూత కూడా అంతే. మూత వేసే ముందు దాన్ని తియ్యమని ఆపిల్ కంపెనీయే 2020లో హెచ్చరించింది.

*దసరాకి ల్యాప్‌టాప్‌కి కూడా పూజ చేశాం. తర్వాత గాజు తుడిచే స్ప్రే కొట్టి శుభ్రం చేస్తే రెండోరోజు నిలువుగా ఒక గీత పడింది. డిస్‌ప్లే పోయినట్టేనా?*
– ఓ గృహిణి, ఒంగోలు

పూజది తప్పేం లేదమ్మా, స్ప్రేది. స్క్రీన్ మీద నేరుగా కొట్టిన నీళ్ళు జారి కింది అంచులోకి దిగుతాయి. ప్యానెల్‌కి సిగ్నల్ అందించే సన్నటి పట్టీలన్నీ ఆ అంచులోనే ఉంటాయి. తడి తగిలిన పట్టీ నుంచి నిలువు వరసకు వెళ్ళే సిగ్నల్ ఆగిపోతే గీత పడుతుంది. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి చూడండి. టీవీలో గీత లేకపోతే లోపం ప్యానెల్‌లోనో, దానికి వెళ్ళే కేబుల్‌లోనో ఉంది. మూత కదిలిస్తే గీత వచ్చిపోతూ ఉంటే కేబుల్, అది తక్కువ ఖర్చుతో పోతుంది. కదలకుండా అక్కడే ఉంటే ప్యానెల్. ఆరబెడితే పోతుందేమోనని ఒకటి రెండు రోజులు ఆపేసి ఉంచడంలో తప్పులేదు, బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. ఈసారి తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి, గట్టిగా పిండి, దాంతో తుడవండి. బొట్టు మూత పైన పెట్టుకోండి, స్క్రీన్ అంచున కాదు.